సగంలో ఆగిన అల్లిక

మన యిళ్ళలో ప్రతి బీరువా అడుగునా ఒక మూట వుంటుంది. అందులో ఏముందో ఆ యింటి యిల్లాలికి తెలుసు. తెలిసే దాని జోలికి పోదు. సూది గుచ్చినది గుచ్చినట్టే వున్న దిండు గలీబు, ఒక చెయ్యి మాత్రమే తయారయిన స్వెట్టరు, నాలుగు పువ్వులు కుట్టి అయిదో పువ్వు దగ్గర ఆగిన తలుపు తెర. సెలవుల్లో చూద్దామనుకొంటాం. సెలవులు వస్తాయి, చుట్టాలు వస్తారు, ఆవకాయ రోజులు వస్తాయి. మూట మాత్రం బయటికి రాదు.

తీరిక లేదనేది పైకి చెప్పే మాట. నేను గమనించినంతలో, యిలా ఆగిపోయిన పనుల్లో చాలావాటిలో ఎక్కడో ఒక తప్పు దొర్లి వుంటుంది. విప్పడానికి మనసొప్పదు. విప్పకుండా ముందుకు పోవడానికీ మనసొప్పదు. అందుకని మూట కడతాం.

నేతపనివారికి యీ వెసులుబాటు లేదు. మా జిల్లాలోని గద్వాల చీర సంగతే చూడండి. ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండు అంచులకు రెండు నాడెలు, ఒంటికి ఒక నాడె, మొత్తం మూడు ఆడుతూ వుంటాయి. పేక నడిచినప్పుడల్లా అంచు దారమూ ఒంటి దారమూ ఒకదాన్నొకటి మెలివేసుకోవాలి. మెలిక తప్పిన చోట అంచు ఒంటినుంచి విడిపోతుంది. నేసిన గుడ్డ ఎప్పటికప్పుడు కర్రకు చుట్టుకుపోతుంది కనుక, తప్పు కనబడగానే పేక వెనక్కి తీసి మళ్ళీ నెయ్యవలసిందే. మన చేతిపని అలా కాదు, పదేళ్ళ తరువాతయినా తిరిగి పట్టుకోవచ్చు. అది మన అదృష్టం. మన వాయిదాలకు సాకు కూడా అదే.

మా అత్తగారు నాలుగేళ్ళ క్రితం గుండ్రటి బల్లగుడ్డ ఒకటి లేసు అల్లిక మొదలుపెట్టారు. మనవరాలు కాపురానికి వెళ్ళేటప్పుడు యివ్వాలని ఆవిడ కోరిక. సగానికి వచ్చేసరికి అంచులు పైకి లేచి, గుడ్డ కాస్తా బుట్టలా తయారయింది. దారం మంచిది కాదని దాన్ని పక్కన పెట్టేశారు. ఈ మధ్య కంటిలో శుక్లం తీయించాక ఆవిడే మూట విప్పి, గుడ్డను నేలమీద పరిచి, వేలితో వరస వరసా లెక్కపెట్టారు. గుండ్రటి అల్లికలో వరస మారేకొద్దీ కుట్లు పెంచుకుంటూ పోవాలి. తక్కువ పెంచితే గిన్నెలా లేస్తుంది, ఎక్కువ పెంచితే కుచ్చెళ్ళు పడుతుంది. చూపు మందగించిన రోజుల్లో ఒక వరసలో పెంచడం మరిచారు. దానిమీద మరి ఎనిమిది వరసలు వేశారు.

"పోనీ అత్తయ్యా, అలాగే వుంచి పండ్లబుట్టకు కప్పుకుందాం" అన్నాను. ఆ కళ్ళతో మళ్ళీ అంత శ్రమ ఎందుకని నా భయం.

"ఎట్లమ్మా? బల్లకని మొదలుపెట్టింది బుట్టకు కప్పేదా? యాడ తప్పినానో యిప్పుడు తెలిసింది గదా, విప్పుకుంటా" అన్నారు.

విప్పేముందు, తప్పులేని ఆఖరి వరస చుట్టూ ఎర్ర దారం ఒకటి గుచ్చి గుర్తు పెట్టుకొన్నారు. నాకు మా ఆలంపురంలోని సంగమేశ్వరాలయం గుర్తుకొచ్చింది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో వుండిన గుడి అది, చాళుక్యుల కాలం నాటిది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని, రాయి రాయికీ అంకె వేసి, విప్పి, యిక్కడ తిరిగి పేర్చారు. గుర్తుపెట్టి విప్పారు కనుకనే అది మళ్ళీ గుడి అయింది. గుర్తు లేకుండా విప్పితే మిగిలేది రాళ్ళ గుట్ట.

అయితే ప్రతి తప్పునూ విప్పాలా? అక్కర్లేదు. పెరిగే తప్పు వేరు, పెరగని తప్పు వేరు. పువ్వులో ఒక రేకకు వేరే రంగు పడితే అది అక్కడితో ఆగుతుంది, ఎవరికీ కనబడదు కూడా. దాన్ని వదిలెయ్యండి. కుట్ల లెక్క తప్పితే మాత్రం ప్రతి వరసా దాన్ని పెంచుతుంది. దాన్ని విప్పవలసిందే, ఎంత త్వరగా విప్పితే అంత మేలు.

మూట తెరవదలచిన సోదరీమణులకు మరి నాలుగు మాటలు. ముందుగా సూది తీసెయ్యండి, తుప్పు మరక పోవడం కష్టం. యిన్నేళ్ళలో మీ చేతి బిగువు మారివుంటుంది. విడిగా చిన్న ముక్క అల్లి, పాతదానితో పోల్చి చూసుకొన్నాకే అసలు పని పట్టండి. విప్పిన నూలు వంకీలు తిరిగి వుంటే చిలపగా చుట్టి, తడిపి, వేలాడదీసి ఆరబెట్టండి, సాపు అవుతుంది. గుడ్డమీద కుట్టును విప్పేటప్పుడు వెనకవైపునుంచి చిన్న చిన్నగా కత్తిరించండి. ముందునుంచి లాగితే గుడ్డ చిరుగుతుంది. కొత్త దారం కొనేటప్పుడు పాత ముక్క వెంట తీసుకువెళ్ళి, పగటి వెలుగులో పోల్చి చూడండి. అంకె ఒకటే అయినా అద్దకం వేరయితే రంగు కలవదు.

మా అత్తగారు ఎనిమిది వరసలూ, లెక్క తప్పిన వరసతో సహా, విప్పారు. మళ్ళీ అయిదు వేశారు. గుడ్డ యిప్పుడు నేలమీద చాపలా పరుచుకొంటున్నది. పెళ్ళి మాటలు యింకా మొదలే కాలేదు కనుక, తొందర లేదంటారావిడ.

మరి మీ బీరువా అడుగున వున్న మూటలోది పెరిగే తప్పా, పెరగని తప్పా? ఆ ఒక్కటి తేల్చుకోవడానికయినా యీ ఆదివారం ముడి విప్పి చూడండి.