చిర్ అడవుల కార్చిచ్చు - లెక్కకెక్కని కర్బనం

2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంటలనార్పబోయిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే దగ్ధమయ్యారు. అంతకు కొద్ది వారాల ముందే, రాష్ట్ర అటవీ ప్రాంతంలో మంటలున్నది 0.1 శాతంలోనేనని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు విన్నవించి ఉంది. 2016లో వాయుసేన హెలికాప్టర్లు భీమ్‌తాల్ సరస్సు నుంచి నీరు తోడి కొండలపై చల్లాయి. 2024 ఏప్రిల్‌లోనూ అదే దృశ్యం పునరావృతమైంది. ఏటా మనకందే సమాచారం ఇంతే: ఎన్ని హెక్టార్లు కాలినవి, ఎందరు పట్టుబడినారు, వాన ఎప్పుడు కురిసినది. ఆ మంటల్లో అడవి ఏమి కోల్పోయింది, తిరిగి ఏమి పొందగలదు అనే ప్రశ్న మాత్రం అడిగేవారు అరుదు.

కాలే చెట్టు ముఖ్యంగా చిర్ పైన్. ఆ రాష్ట్రంలో సుమారు 4 లక్షల హెక్టార్లలో ఇది విస్తరించి ఉంది. సంస్కృతంలో దీనినే 'సరళ' వృక్షమన్నారు. మన పుస్తకాలు కొన్ని పైన్‌ను దేవదారుగా అనువదిస్తుంటాయి గాని, దేవదారు వేరు, సరళ వేరు. సరళ వృక్షాల బోదెలు ఒరసికొని దావానలం పుట్టడం కాళిదాసు మేఘసందేశంలోనే ప్రస్తావితమైంది. కనుక ఈ చెట్టుకూ నిప్పుకూ గల సంబంధం కొత్తది కాదు. వేసవిలో దీని సూదుల వంటి ఆకులు రాలి నేలపై మెత్తని పరుపులా పేరుకొంటాయి. స్థానికులు వాటిని 'పిరూల్' అంటారు. జిగురుతో కూడిన ఆ ఆకు త్వరగా కుళ్లదు, కాని నిప్పురవ్వ తగిలితే నిమిషాల్లో రాజుకొంటుంది. పెద్ద చెట్టుకు దళసరి బెరడు కవచం వంటిది. మంట సాధారణంగా నేలమీదనే పాకిపోతుంది, చెట్టు నిలుస్తుంది.

ఇక లెక్కకు వద్దాం. ఎండిన ఆకులో సుమారు సగం బరువు కర్బనమే. 12 పాళ్ల కర్బనం కాలితే 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలుసు. అనగా కిలో పిరూల్ పూర్తిగా దహనమైతే సుమారు 1.8 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. ఇది భారీగా తోచవచ్చు. కాని ఆ ఆకు కాలకపోయినా, కొన్నేళ్లలో శిలీంధ్రాలు, సూక్ష్మజీవుల చేతిలో శిథిలమై దాదాపు అంత వాయువునూ వదిలేదే. నిప్పు ఆ పనిని త్వరపరుస్తుంది, అంతే. మరుసటి వసంతంలో అదే చెట్టు కొత్త ఆకు తొడిగి ఆ కర్బనాన్ని తిరిగి గ్రహిస్తుంది. ఈ మేరకు నేలమంటను మహావిపత్తుగా చిత్రించడం సరికాదని నా అభిప్రాయం.

తిరిగి రానిది వేరే ఉంది. మంటతో పాటు ఆకులోని నత్రజని గాలిపాలవుతుంది. మీది కప్పు పోయిన ఏటవాలు నేల తొలకరి వానకే కోసుకుపోతుంది. ఆ మట్టితో బాటు శతాబ్దాలుగా చేరిన కర్బనమూ వాగులపాలవుతుంది. లేతమొక్కలు మాడిపోతాయి. ముఖ్యంగా తేమను నిలిపే బాంజ్ అనే ఓక్ చెట్టు మొక్కలు మాటిమాటికీ కాలి, ఆ చోటును చిర్ ఆక్రమిస్తుంది. బట్టనేలపై సులువుగా మొలవడం చిర్ గింజ స్వభావం. చిర్ పెరిగితే మరింత పిరూల్, పిరూల్ పెరిగితే మరింత మంట. మరొక వంక, కాలగా మిగిలిన బొగ్గు తునకలు మట్టిలో చేరి శతాబ్దాలు చెక్కుచెదరక ఉంటాయి. నిప్పు అడవికి చేసే ఉపకారాల్లో ఇదొకటి. మసి సంగతి వేరు. గంగోత్రి హిమానీనదం చేరువన చీర్‌బాసాలో వాడియా సంస్థ శాస్త్రజ్ఞులు 2016లో జరిపిన పరిశీలనలో, ఘనమీటరు గాలిలో మసి ఆగస్టులో 0.01 మైక్రోగ్రాముకు దిగగా మే నెలలో 4.62కు చేరింది. పొలాల్లో పెట్టే మంటలను, కార్చిచ్చును వారు అందుకు కారణాలుగా పేర్కొన్నారు. మంచుపై పడిన మసి ఎండను పీల్చి కరుగుదలను వేగిరపరుస్తుంది.

పైన్ అడవులన్నీ ఒకే తీరున కాలవు. 1988లో అమెరికాలోని యెల్లోస్టోన్ ఉద్యానవనంలో మంట చెట్ల తలలకెక్కి, సుమారు 36 శాతం విస్తీర్ణాన్ని తాకింది. అచ్చటి లాడ్జ్‌పోల్ పైన్ కాయల్లో చాలావరకు జిగురుతో మూసుకొని, వేడి తగిలినప్పుడే విచ్చుకొని గింజలు రాలుస్తాయి. చెట్లు చచ్చినా కర్బనంలో అధికభాగం మోడుల్లోనే నిలిచింది. అది దశాబ్దాలపాటు మెల్లగా వెలువడుతుండగా, కొత్త అడవి దానిని తిరిగి కూడబెడుతుంది. ఈ తూకానికి వందేళ్ల వ్యవధి కావాలి. వేడిమి పెరిగి మంట ముప్ఫయి ఏళ్లకే తిరిగి వస్తే తూకం చెడుతుంది. కెనడాలో 2023లో జరిగిన దహనంలో సుమారు 65 కోట్ల టన్నుల కర్బనం గాలిలో కలిసిందని అంచనా.

నిప్పు పెట్టేది ఎవరన్న ప్రశ్నకు మన పత్రికలు తేలికగా గ్రామస్థుని వైపు వేలు చూపుతాయి. చరిత్ర కొంత భిన్నంగా చెబుతుంది. బ్రిటిషువారు కుమావూ అడవులను రిజర్వు చేసి, పశువుల మేతను అడ్డగించి, జిగురు, కలప వ్యాపారం సాగించిన కాలంలో, 1921 వేసవిలో పల్లెవాసులు ప్రభుత్వ పైన్ అడవులకు నిప్పుపెట్టారు. తమకు అక్కరకొచ్చే వెడల్పాకు అడవులను మాత్రం వదిలారు. ఆ ఆగ్రహం ఫలితంగానే 1931లో వన పంచాయతీల నియమావళి వచ్చింది. అడవి తనదన్న నమ్మకమున్న చోట మంటనార్పడానికి ఊరే కదలుతుంది. లేని చోట హెలికాప్టరు కోసం ఎదురుచూస్తుంది.

2024 మే నెలలో అచ్చటి ముఖ్యమంత్రి పిరూల్‌ను కిలో 50 రూపాయలకు కొంటామని ప్రకటించారు. ఆలోచన మంచిదే. ఏరిన ఆకును ఇటుకలుగా అదిమి పొయ్యిలో వాడినా కాలేదే కదా అనవచ్చు. కాని ఆ మేరకు నేలబొగ్గు మిగులుతుంది, కొండ మీద మట్టి మిగులుతుంది. తేలికైన ఆకును ఏటవాలు కొండమీద గోనెల్లో నింపి మోసుకొచ్చేది స్త్రీలు. ధర ప్రకటించడం కంటే సకాలంలో చెల్లించడం ముఖ్యం.

భారత అటవీ సర్వే 2023 నివేదిక ప్రకారం దేశపు అడవుల్లో నిల్వ ఉన్న కర్బనం సుమారు 728 కోట్ల టన్నులు. అందులో సగానికి పైగా మట్టిలోనిదే. ఉపగ్రహం చూసేది చెట్ల గొడుగును. నేలమంట గొడుగు కింద సాగుతుంది కనుక, కాలిన కొండ పటంలో పచ్చగానే కనిపిస్తుంది. బాంజ్ పోయి చిర్ వచ్చినా విస్తీర్ణపు పట్టికలో అడవి అడవిగానే ఉంటుంది.

మన తూర్పు కనుమల అడవుల చెట్లు వేరైనా, ఇప్పపూల కోసం, తునికాకు చిగురు కోసం పెట్టే నేలమంట సరిహద్దు పల్లెలకు పరిచితమే. అటవీ అధికారి వచ్చి హెక్టార్లు రాసుకొని పోతాడు. కాలిన చోట తొలకరికి ముందొకసారి, తరువాతొకసారి మట్టి లోతును కొలిచే పని ఎవరికీ అప్పగించినట్లు లేదు. అందుకు కావలసినది ఒక ఇనుప ఊచ, ఒక కొలబద్ద, ఇద్దరు బడి పిల్లలు.