కందకం దాటి రావద్దు

కోటకు కందకం తవ్వేది శత్రువు రాకుండా అని బడిలో చదువుకున్నాం. జగిత్యాల ఖిల్లాను చూస్తే అది నిజమే అనిపిస్తుంది. నక్షత్రంలా కొమ్ములు చాచిన రాతికోట అది. 1747 నాటిదని చెబుతారు. ఎలగందుల కిలేదారు ఇబ్రహీం ధంసా ఫ్రెంచివాళ్ల చేత కట్టించాడట. జాక్, తాల్ అనే ఆ ఇంజినీర్ల పేర్లే ఊరికి అంటుకున్నాయన్న కథా ఉంది, నమ్మేవాళ్లు నమ్మవచ్చు. ఆ కొమ్ములు అందానికి పెట్టినవి కావు. గుండ్రటి బురుజు అడుగున నక్కినవాడు పైనున్న సిపాయి కంటపడడు. కొమ్ములుంటే ఒకదాని మొదలు పక్కదాని మీంచి కనబడుతుంది, ఫిరంగి గుండు గోడ వెంబడే దూసుకొస్తుంది. కందకంలో దిగినవాడికి తలదాచుకునే మూలే ఉండదు.

ఇంగ్లండు పల్లెల్లో సంగతి వేరు. 1250–1350 మధ్య అక్కడి చిన్నాచితకా భూస్వాములు కూడా తమ లోగిళ్ల చుట్టూ కందకాలు తవ్వించుకున్నారు. అలాంటివి వేలల్లో ఉన్నాయి. బంకమట్టి నేల గనక నీరు నిలిచేది, తవ్విన మన్ను లోపల పోస్తే ఇంటి దిబ్బ ఎత్తయ్యేది, చేపలూ పెరిగేవి. సేన దండెత్తి వస్తే ఆ గుంట ఆపేదేముంది? అది ఆపింది ఊరివాణ్ని. ఎవరు ఎంత దూరంలో నిలబడి మాట్లాడాలో చెప్పింది.

మన తెలంగాణ పల్లెల్లో భూస్వామి దొర ఉండే గడీకి ఆ నీళ్లు కూడా అక్కర్లేకపోయింది. ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజ, దాని ముందు నుంచి పోతూ చెప్పులు విడిచి చేతబట్టుకునే జనం. వెట్టికి పిలుపొస్తే మాత్రం అదే దర్వాజ తెరుచుకునేది. 1978 సెప్టెంబరులో ఆ దొరల పెత్తనం మీద తిరగబడుతూ జగిత్యాల జైత్రయాత్రకు పల్లెపల్లె నుంచి రైతుకూలీలు వేలాదిగా కదిలారు. అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు చాలామంది పట్నం దారి పట్టారు, కొన్ని గడీల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి.

ఇంగ్లండువాళ్లు తమ కందకాలను లెక్కబెట్టి, పటాలు గీసి, చాలావాటిని రక్షిత స్థలాల జాబితాకెక్కించారు. గడీల సంగతే ఎటూ తేలదు. కూలగొట్టాలన్న కోపంలోనూ న్యాయముంది, ఉంచాలన్న మాటలోనూ ఉంది. కూలేలోగా కనీసం కొలతలు తీయవచ్చు. కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో ఆ దర్వాజ ముందు చెప్పులు విడిచిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు చెప్పేది రాసుకోవచ్చు. కాలేజీలున్నాయి, చరిత్ర చదివే పిల్లలున్నారు, వేసవి సెలవులూ ఉన్నాయి.