నడుమున పిస్తోలు, ఇంట్లో పసివాడు

బాపట్ల నుంచి ఒక పాఠకురాలు వ్రాసిన ఉత్తరాన్ని ఈ వారం ముందుగా తీసుకుంటున్నాను. కొంచెం పొడుగైనా చాలా భాగం అలాగే ఇస్తున్నాను. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళల్లో ఇలాంటి దిగులు ఇంకా ఎందరికో ఉండి ఉంటుంది.

"డాక్టరుగారికి నమస్కారములు. మా అబ్బాయి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్నాడు. గ్రీన్ కార్డు వచ్చింది. కోడలి పురిటికని వచ్చే నెల నేను వెళ్తున్నాను. మనవడికి నాలుగో ఏడు. మొన్న ఫోనులో మాటల మధ్య అబ్బాయి పిస్తోలు కొన్నానని చెప్పాడు. చొక్కా కింద నడుముకు పెట్టుకుని బయటికి వెళ్తున్నాడట. డ్యూటీ నుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది, ఆ దారిలో ఈమధ్య దోపిడీ జరిగిందట. 'ఇక్కడ ఇది మామూలే అమ్మా' అంటాడు. ఆనాటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. వద్దంటే వినే వయసు కాదు. వాడికేం చెప్పమంటారు? ఆ ఇంట్లో నేనెలా మసలుకోవాలి?"

అమ్మా! మీ భయానికి కారణం ఉంది. మీ అబ్బాయి భయానికీ కారణం ఉంది. పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పనిచేసే మన పిల్లలు అక్కడ దోపిడీదారుల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం చదివాం. కాబట్టి అతన్ని మందలిస్తూ వ్రాయబోవడం లేదు. నేను ఆయుధాల నిపుణుణ్ణి కాను. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో పాయింట్ టూటూ రైఫిలు పేల్చిన అనుభవం తప్ప నాకు వేరే అనుభవం లేదు. డాక్టరుగా తెలిసింది మాత్రం చెప్పగలను. తుపాకి ఇంట్లోకి వస్తే దొంగ కంటే ముందు దాని పక్కన నివసించేది ఇంట్లోవాళ్ళే. ఆ సంగతి మొదటి రోజునే గుర్తుపెట్టుకోవాలి.

చట్టం సంగతి

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం అనర్హత లేనివారు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. లైసెన్సు అక్కరలేదంటే శిక్షణ అక్కరలేదని కాదు. మోటారు సైకిలు నేర్చుకోవడానికే నెల పడుతుంది. గురువు దగ్గర కొన్ని వారాలు సాధన చేశాకే దాన్ని నడుముకు పెట్టుకోమనండి. బడులు, విమానాశ్రయంలో తనిఖీ దాటిన భాగం, పోస్టాఫీసులు, బార్లు వంటి చోట్లకు తీసుకువెళ్ళకూడదు. రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. టెక్సాస్ అనుమతి న్యూయార్కులో చెల్లదు.

గ్రీన్ కార్డు ఉన్నవారికి తుపాకి ఉంచుకునే హక్కు ఉంది. హెచ్-1 వీసా మీద, విద్యార్థి వీసా మీద, చుట్టపుచూపుగా వెళ్ళే వీసా మీద ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పితే, అక్కడి కేంద్ర చట్టం ప్రకారం ఆ హక్కు లేదు. కాబట్టి మీరు దాన్ని "కాస్త పక్కన పెట్టు" అన్నా ముట్టుకోకండి. ఇంకొకటి. తిరుగు ప్రయాణంలో సంచుల అరలన్నీ దులిపి చూసుకోండి. తెలియక ఉండిపోయిన ఒక్క తూటా శంషాబాదులో బయటపడినా మన 1959 ఆయుధాల చట్టం కింద పోలీసు కేసవుతుంది.

సుబేదారుగారి పాఠం

ఎన్.సి.సి.లో మాకు నేర్పిన సుబేదారు మొదటి రోజు తూటా ఇవ్వలేదు. నాలుగు మాటలు వల్లె వేయించాడు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే అనుకో. కాల్చదలచుకోని దానివైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకు. గురి వెనకాల ఏముందో చూసుకో. ప్రపంచమంతటా నేర్పేది ఈ నాలుగే. ఒకటి తప్పినా మిగతా మూడు కాపాడతాయి. రెండు ఒకేసారి తప్పితే మనిషి ఆస్పత్రికి వస్తాడు.

"మ్యాగజైను తీసేశాను, ఇక ఖాళీయే" అనుకోవడం కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. మ్యాగజైను తీసినా గొట్టం మొదట్లోని గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. ముందు మ్యాగజైను తీయాలి. తరువాత పైనున్న స్లైడును వెనక్కి లాగి ఆ గదిని కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. 2024లో అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థి ఒకడు తన తుపాకి శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడని పత్రికల్లో చదివాం. శుభ్రం చేసే బల్లమీద తూటాలు అసలు ఉండకూడదు.

ఒంటిమీద పెట్టుకునేటప్పుడు

సినిమాలో హీరో పిస్తోలును ప్యాంటు వెనక దోపుకుంటాడు. నిజజీవితంలో అది ప్రాణం మీదికి తెచ్చే పని. ట్రిగ్గరును పూర్తిగా కప్పి ఉంచే గట్టి ఒర ఉండాలి. దాన్నే హోల్‌స్టర్ అంటారు. మంచి బెల్టు కూడా కావాలి. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వేయకూడదు. కడుపు ముందు భాగంలో పెట్టుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గజ్జలో నుంచి కాలికి పెద్ద రక్తనాళం పోతుంది. అది తెగితే కొద్ది నిమిషాలే వ్యవధి.

ఒరలో తిరిగి పెట్టేటప్పుడు తొందరపడకూడదు. చొక్కా కొస లోపల చిక్కుకుని ట్రిగ్గరు నొక్కుకుపోయి పేలిన సందర్భాలున్నాయి. పిస్తోలు చేజారితే గాలిలో పట్టుకోబోవద్దు, పడనివ్వాలి. పట్టుకోబోయిన వేలు ట్రిగ్గరు మీద పడుతుంది. బయట మరుగుదొడ్డికి వెళ్ళినప్పుడు తీసి గట్టుమీద పెట్టి మరచిపోయేవారు కూడా ఉన్నారు. ఒరలోంచి తీయకుండా ఉంటే ఆ గొడవే లేదు.

చేతిసంచీలో పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలోని హేడెన్ అనే ఊళ్ళో ఒక తల్లి బజారుకు వెళ్ళింది. తుపాకి కోసం ప్రత్యేకంగా అర ఉన్న సంచీ అది. ఆమెకు అనుమతీ ఉంది. రెండేళ్ళ కొడుకు ఆ సంచీలో చెయ్యి పెట్టాడు. తుపాకి పేలి ఆ తల్లి అక్కడికక్కడే మరణించింది.

కళ్ళు, చెవులు, మందులు

పిస్తోలు పేలిన శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది. మామూలు మాట 60. ఒక్క దెబ్బతోనే చెవి దెబ్బతినవచ్చు. పోయిన వినికిడి తిరిగి రాదు. సాధన చేసేటప్పుడు చెవిలోపల బిరడాలు, వాటిమీద డిప్పలు రెండూ ఉండాలి. కంటికి అద్దాలు తప్పనిసరి.

తూటాలో సీసం ఉంటుంది. పేల్చినప్పుడు ఆ ధూళి చేతులకు, బట్టలకు, జుట్టుకు అంటుకుంటుంది. సీసం పసిపిల్లల మెదడుకు విషం, కడుపులోని బిడ్డకూ హాని. సాధన నుంచి వచ్చిన తండ్రి సబ్బుతో చేతులు, ముఖం కడుక్కుని బట్టలు మార్చుకున్నాకే పిల్లవాణ్ణి ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. గర్భిణిగా ఉన్న మీ కోడలు సాధన జరిగే చోటికి పోకుండా ఉండడమే మేలు.

మందు తాగిన రోజు పిస్తోలు ఇనప్పెట్టెలో ఉండాలి. "ఒక్క పెగ్గే" అనే మాట పనికిరాదు. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే అల్ప్రాజోలం, మగత తెప్పించే కొన్ని జలుబు మందులు కూడా ఇలాంటివే. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారికి చక్కెర పడిపోతే చేతులు వణుకుతాయి, బుద్ధి స్థిమితంగా ఉండదు. మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆయుధం పెట్టుకోకూడదు.

ఇంటికి వచ్చాక

గడప దాటగానే చెప్పులు విడిచినట్టు, పిస్తోలు కూడా వెంటనే దాని చోటికి పోవాలి. గోడకో నేలకో బిగించిన చిన్న ఇనప్పెట్టె ఆ చోటు. తలగడ కింద, బట్టల బీరువాలో, మంచం పక్క సొరుగులో పెడితే దాచినట్టు కాదు. పిల్లలకు తెలియని మూల ఇంట్లో ఉండదు. మీరు డబ్బాలో దాచిన బెల్లం మనవడు ఎన్నిసార్లు కనిపెట్టాడో గుర్తుచేసుకోండి. కారులో వదిలేస్తే దొంగల పాలవుతుంది. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకి అందేలా నిర్లక్ష్యంగా వదిలిన పెద్దవాళ్ళకు టెక్సాస్ చట్టంలో శిక్ష ఉంది.

అమెరికాలో 2020 నుంచి ఏడాది నిండిన పిల్లల దగ్గరనుంచి 19 ఏళ్ళవారి దాకా మరణాలకు మొదటి కారణం తుపాకి. అంతకుముందు ఆ స్థానం మోటారు ప్రమాదాలది. మనవడికి "తాకకు, దూరంగా పో, పెద్దవాళ్ళకు చెప్పు" అని నేర్పండి. కాని నాలుగేళ్ళవాడి బుద్ధిమీద భారం వేయవద్దు. భారం తాళం మీద ఉండాలి.

అసలు చెప్పవలసింది

ఇంతవరకు చెప్పినవన్నీ చేసినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. దాని గురించి ఎవరూ నోరు విప్పరు. 2022లో అమెరికాలో తుపాకులవల్ల 48 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో సుమారు 27 వేల మంది తమను తామే కాల్చుకున్నవారు. కాలిఫోర్నియాలో రెండుకోట్ల అరవై లక్షల మందిని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పిస్తోలున్న మగవారు తుపాకితో ఆత్మహత్య చేసుకోవడం పిస్తోలు లేనివారికంటే ఎనిమిది రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆడవారిలో ముప్ఫైఅయిదు రెట్లు.

నా ఉద్యోగంలో తుపాకి గాయాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని చూశాను. పురుగుమందు తాగి వచ్చినవారిని లెక్కపెట్టలేను. జిల్లా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసిన ఏ డాక్టరునైనా అడగండి. పరీక్ష తప్పిందని, తండ్రి తిట్టాడని, అప్పులవాడు గడపలోకి వచ్చాడని అరగంట ఆవేశంలో తాగేస్తారు. కడుపు కడిగి, అట్రోపిన్ ఎక్కించి, తెల్లవార్లూ పక్కన కూర్చుంటే చాలామంది బతుకుతారు. కళ్ళు తెరవగానే వారు అడిగేది ఒకటే: "బతుకుతానా డాక్టరుగారూ?" అలా బతికిన ఒక కుర్రవాడు మూడేళ్ళ తరువాత పెళ్ళి శుభలేఖ తెచ్చి ఇచ్చాడు. ఆత్మహత్యకు పూనుకుని బయటపడినవారిలో పదింట తొమ్మిదిమంది తరువాత ఆ దారిన పోయి చనిపోరు. ఆ అరగంట గడవాలి, అంతే.

తుపాకి ఆ అరగంట ఇవ్వదు. దానితో ప్రయత్నించినవారిలో నూటికి తొంభై మంది దాకా చనిపోతారు. శ్రీలంకలో 1995 నుంచి మరీ విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. 20 ఏళ్ళలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. మనుషుల కష్టాలు తీరిపోయి కాదు. కష్టం వచ్చిన క్షణాన చేతికందేది మారింది.

కాబట్టి పిస్తోలున్న ప్రతి ఇంట్లో ఒక కట్టుబాటు ఉండాలి. ఉద్యోగం పోయినా, ఆలుమగల మధ్య మాటలు ముదిరినా, ఇంట్లో ఎవరి మనసు కుంగినా, ఆ రోజే ఆయుధం ఇల్లు దాటాలి. దాన్ని తీసుకునే అర్హత ఉన్న స్నేహితుడి దగ్గరో, భద్రపరిచే దుకాణంలోనో ఉంచాలి. అది కుదరకపోతే పెట్టె తాళం మరొకరి చేతికి పోవాలి. కాన్పు తరువాత కొందరు బాలింతలకు దిగులు పట్టుకుంటుంది. ఊరికే ఏడవడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, "నేను పనికిరాను" అనడం దాని గుర్తులు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ఇంకా ముందే చనిపోవాలన్న మాట నోటివెంట వచ్చినా, డాక్టరుకు చూపించాలి. దిష్టి తీసి ఊరుకోకండి. ఆ రోజుల్లో ఇంట్లో తుపాకి లేకపోతే మరీ మంచిది. అక్కడ 988 అనే నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. మనదేశంలో టెలిమానస్ నంబరు 14416.

గాయమే తగిలితే

అక్కడ 911కి, ఇక్కడ 108కి వెంటనే ఫోను చేయాలి. ముందు తుపాకి దూరంగా ఉందో లేదో చూసుకోవాలి. శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. చేతికో కాలికో తగిలి రక్తం చిమ్ముతుంటే గాయానికి మూడంగుళాల పైన, కీలు మీద కాకుండా, టూర్నికే అనే పట్టీ బిగించి కట్టి, కట్టిన వేళ వ్రాసి ఉంచాలి. డాక్టరు విప్పేదాకా విప్పకూడదు. తాగడానికి మంచినీళ్ళయినా ఇవ్వవద్దు, ఆపరేషను చేయవలసి రావచ్చు. పిస్తోలు పెట్టుకునేవాడు ఆ పట్టీ కూడా వెంట ఉంచుకోవాలి, కట్టడం నేర్చుకోవాలి.

అమ్మా! వెళ్ళగానే అబ్బాయితో వాదనకు దిగకండి. భోజనాలయ్యాక, కోడలు కూడా ఉన్నప్పుడు, మూడు ప్రశ్నలు అడగండి. "ఇప్పుడు అది ఎక్కడుంది నాయనా? తాళం ఎవరి దగ్గరుంది? మనసు బాగాలేని రోజు దాన్ని ఎవరికిస్తావు?" మొదటి రెండింటికి అతను వెంటనే జవాబు చెబుతాడు. మూడోదానికి తడుముకుంటే ఆ పేరు దొరికేదాకా మీరు లేవకండి.