ఈలకు రెండు నాలుకలు తగవు

ఆటలో ఓటమి అవమానము కాదు. న్యాయముగా ఓడినవాడు మరునాడు తలయెత్తుకొని మైదానమునకు రాగలడు. కాని ఏ నియమమువలన ఓడెనో తెలియక ఓడినవాని మనస్సు ఎన్నటికిని కుదుటపడదు. ఏ నియమమువలన గెలిచెనో చెప్పలేని వాని గెలుపునకు గౌరవమును ఉండదు. మన చెడుగుడునకు, నేడు లోకము కబడ్డీ యని పిలుచుచున్న ఆటకు, ఈ దుర్గతి పట్టుచున్నదేమోయని మేము కొంతకాలముగా శంకించుచున్నాము. ఆ శంక నిరాధారమైనది కాదు.

2023 అక్టోబరు 7వ తేదీన చైనాయందలి హాంగ్‌ఝౌ నగరమున ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ తుదిపోటీ జరిగెను. 1990 మొదలు 2014 వరకు వరుసగా స్వర్ణపతకమును గెలుచుకొని, 2018లో జకార్తాయందు ఇరాను చేతిలో ఓడి దానిని పోగొట్టుకొనిన భారతజట్టు, మరల ఆ ఇరానుతోనే తలపడెను. ఆట ముగియుటకు నిమిషము పైచిల్లర మిగిలియుండగా ఉభయులకును 28 పాయింట్లే. అప్పుడు భారత నాయకుడు పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లి, ఎదిరిపక్షమువారి నెవరిని తాకకయే ప్రక్కనున్న లాబీలో అడుగుపెట్టెను. అతనిని పట్టబోయి ఇరాను ఆటగాండ్రు కొందరు తామును లాబీలోనికి పోయిరి.

లాబీ యనగా ఆటస్థలమునకు ఇరుప్రక్కల నుండు మీటరు వెడల్పు గల పట్టీ. కూతకు వచ్చినవానికిని ఎదిరివారికిని తాకుడు జరిగిన పిమ్మటనే అది ఆటస్థలములో చేరును. అంతకు ముందు అందు కాలుపెట్టుట తప్పు. ఇంతవరకు అందరు నెరిగినదే. చిక్కు అటుపైన వచ్చినది. తాకుడు లేకయే లాబీలోనికి పోయినవారందరు ఔటని ఒక నియమము. కూతకు వచ్చినవాడు అడుగుపెట్టిన క్షణముననే కూత ముగిసినది గనుక అతడొక్కడే ఔటని తరువాత వచ్చిన మరియొక నియమము. మొదటిది చెల్లినచో భారతమునకు పెక్కు పాయింట్లు వచ్చును. రెండవది చెల్లినచో రావు. ఆనాడు అధికారులు ఒక తీర్పు చెప్పిరి, దానిని మార్చిరి, మార్చినదానిని మరల మార్చిరి. ఒకసారి వీరు, ఒకసారి వారు ఆడమని భీష్మించిరి. సుమారు గంటసేపు ఆట నిలిచిపోయెను. తుదకు భారతము 33-29తో గెలిచెను.

స్వర్ణము మనకే వచ్చినది గదా, ఇక చర్చ యేల యని కొందరనవచ్చును. మాకును ఆ పతకము సంతోషకరమే. మన యువకులు చెమటోడ్చి సంపాదించినదే. కాని మనకు లాభించినది గనుక మౌనము వహింతుమేని, రేపు నష్టము వచ్చినప్పుడు నోరెత్తుటకు మనకు అర్హత యుండదు. ధాన్యము కొలిచి పుచ్చుకొనునప్పుడొక కుంచము, కొలిచి యిచ్చునప్పుడొక కుంచము వాడువానిని మన రైతులేమందురో వేరుగ చెప్పనక్కరలేదు. దేశగౌరవము పతకమునందే గాక, ఆ పతకమును ఎవరును వేలెత్తి చూపలేని స్థితియందును ఉన్నది.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలయును. రిఫరీయు మనుష్యుడే. ముప్పది సెకండ్ల కూతలో, ఏడుగురి కాళ్ల నడుమ, ఎవని వ్రేలు ఎవనికి తగిలెనో కనిపెట్టుట సామాన్యము కాదు. కన్ను పొరబడినచో క్షమింపవచ్చును. దానికి వీడియో సహాయమును గలదు. కాని హాంగ్‌ఝౌలో పొరబడినది కన్ను కాదు. అడుగు ఎక్కడ పడెనో అందరును చూచిరి. ఆ అడుగునకు ఏ నియమము వర్తించునో తేలకపోవుటయే అచ్చటి లోపము. దానిని ఏ కెమెరాయు సరిదిద్దజాలదు.

ఈ లోపమునకు ఈల పట్టినవారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. 2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగు ఆటకు ధనమును ప్రఖ్యాతిని తెచ్చినది. హాంగ్‌ఝౌ పోటీ ముగిసిన కొలది దినములకే తెలుగు టైటన్స్ జట్టు ఈ పవన్‌నే 2 కోట్ల 60 లక్షల రూపాయలకు పైగా ఇచ్చి కొనినది. కాని లీగుతో కూడ దాని ప్రత్యేక నియమములును వచ్చినవి. ఏడాది పొడుగున ఒక పద్ధతికి అలవాటుపడిన ఆటగాడు అంతర్జాతీయ రంగమున మరియొక పద్ధతి నెదుర్కొనవలసి వచ్చుచున్నది. ఈ రెంటిని సమన్వయపరుపవలసిన జాతీయ సమాఖ్య యేమి చేయుచుండెను? 2018లో ఢిల్లీ హైకోర్టు నియమించిన పాలనాధికారి చేతిలోనికి పోయి, 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించువరకు ఎన్నికైన సంఘమునకు రాలేదు. ఇల్లు చక్కబెట్టువారే వ్యాజ్యములలో నుండగా నియమావళిని చక్కబెట్టువారెవరు?

ఇది మన యొక్కరి రోగమే కాదు. ఆ నెలలోనే, అక్టోబరు 28న, పారిస్ సమీపమున రగ్బీ ప్రపంచకప్పు తుదిపోటీ జరిగెను. తలకు తగిలిన దెబ్బ విషయమున న్యూజీలాండు నాయకుడు శామ్ కేన్‌కు మొదట పసుపు కార్డు చూపి, వీడియో పరిశీలనపై దానిని ఎరుపు చేసిరి. అట్టి నేరముననే దక్షిణాఫ్రికా నాయకుడు సియా కొలిసికి చూపిన పసుపు కార్డు పసుపుగానే నిలిచెను. దక్షిణాఫ్రికా 12-11తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచెను. దెబ్బల తీవ్రతలో భేదము కలదని అధికారులనిరి, అన్యాయమని మరికొందరనిరి. వివాదము అచ్చటను తప్పలేదు. అయినను రగ్బీలో అనుసరింపదగిన మర్యాద యొకటి కలదు: రిఫరీ మాటలు మైకు ద్వారా వినబడును; ఏ తప్పునకు ఏ శిక్షయో, ఏ కారణముననో ఆయన పలికి చెప్పును. ఆ తీర్పుతో విభేదింపవచ్చును గాని, అది దేనిపై నిలిచెనో తెలియదని ఎవరును అనలేరు.

దూరదేశముల మాట యటుండనిండు. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో చెడుగుడు ఎరుగని పల్లె యుండదు. ఎల్ల దాటినచో తమిళులు దానినే సడుగుడు అందురు. 2022 జనవరిలో తిరుపతి నగరము జాతీయస్థాయి కబడ్డీ పోటీలకు ఆతిథ్యమిచ్చినది. సంక్రాంతి దినములలో ఊరూర బరులు గీయుదురు. అచ్చట యువకులు టెలివిజనులో చూచిన నియమము చెప్పుదురు. పెద్దలు తాము ఆడిననాటి నియమము చెప్పుదురు. నడుమ నిలిచిన రిఫరీ ఏ పక్షము కేకలు పెద్దవో ఆ పక్షమునకు ఒరుగుట కలదు. ఆటలో మొదలైన మాట ఊరి కక్షగా మారుట మన సీమలో వింత కాదు. మరియు నేటి ఆట కేవలము వినోదము కాదు. క్రీడల కోటాలో కళాశాల ప్రవేశమునకు, ఉద్యోగమునకు యోగ్యతాపత్రమే ఆధారము. ఒక తప్పు ఈల ఒక పేద కుర్రవాని బ్రతుకుదారిని మళ్లింపగలదు.

కావున మేము కోరునవి మూడు. లీగునకు, దేశమునకు, అంతర్జాతీయ పోటీలకు నియమావళి యొక్కటే కావలయును. మార్పు చేయదలచినచో పోటీల ఋతువు ఆరంభమునకు ముందే చేయవలయును. మన రెండు జిల్లాల కబడ్డీ సంఘములు ఆ నియమావళిని సులభమైన తెలుగులో అచ్చొత్తించి పాఠశాలలకును గ్రామ సంఘములకును పంచవలయును. ప్రతి పోటీకి ముందు ముఖ్య నియమములను ఉభయపక్షముల ఎదుట చదివి వినిపింపవలయును. రిఫరీ తీర్పుతో కూడ కారణమును బిగ్గరగా చెప్పవలయును. చెప్పిన పిమ్మట దానిని కేకలకు వెరచి మార్చరాదు.

బరి గీసిన ముగ్గు ఇరుపక్షములకును ఒక్కటే. ఆ ముగ్గుపై మ్రోగు ఈల పలుకును ఒక్కటే కావలయును. అంతవరకు మనము గెలిచిన పతకములను లెక్కపెట్టుకొనుటయే గాక, వానిని ఏ నియమముపై గెలిచితిమో చెప్పుకొనుటకును సిద్ధముగ నుండవలయును.