కోతకు ముందు అడగండి

2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్లకే అమెరికాలో కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారు. అది చర్మం కింది కొవ్వును పీల్చేసే సౌందర్య చికిత్స. ఊబకాయానికి చేసే బేరియాట్రిక్ సర్జరీ వేరు. ఈ రెండింటినీ నేటికీ ఒకే గాటన కట్టడం ప్రమాదకరం.

సికింద్రాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లో బేరియాట్రిక్ సర్జరీ ఇప్పుడు మామూలైపోయింది. ఎక్కువగా చేసే స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు ముప్పావు వంతు కోసి తీసేస్తారు. తీసింది మళ్లీ పెట్టలేరు. మొదటి వారాల్లో మంచినీళ్లయినా గుక్కెడు గుక్కెడుగా తాగాలి. కుట్ల దగ్గర లీకేజీ, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం అరుదే కానీ ప్రాణాంతకం. బి12, ఐరన్ లోపాలు రాకుండా జీవితాంతం మాత్రలు, పరీక్షలు తప్పవు. తిండి అదుపు తప్పితే బరువు మళ్లీ పెరుగుతుంది.

అలాగని ఈ చికిత్సను తప్పుపట్టలేం. మధుమేహం, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు ఉన్నవారికి ఇది నిజంగా మేలు చేస్తుంది. మా అభ్యంతరమల్లా పెళ్లి ముహూర్తానికి సన్నబడాలనే తొందర మీదే, ఆ తొందరను సొమ్ము చేసుకునే ప్రకటనల మీదే. బీమా నిబంధనలు కూడా బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే సూచీ) కనీసం 40, తీవ్ర జబ్బులుంటే కనీసం 35 ఉన్నవారికే దీన్ని అనుమతిస్తున్నాయి.

సంతకం పెట్టేముందు సర్జన్‌ను నిలదీసి అడగండి: ఇలాంటివి ఎన్ని చేశారు, ఎందరికి ఇబ్బందులొచ్చాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి నన్ను చూసేదెవరు?