బాధ్యత ఊరిదట, పైసల సంచి పట్నానిదట!

పసిపిల్లల నోటికాడి ముద్దకు కూడా బడ్జెట్ లేదట! సర్పంచిని అడిగితే మా చేతిల ఏమున్నదంటడు. సీడీపీవోను అడిగితే పైనుంచి రాలేదంటరు. పైన అంటే ఎక్కడ? హైదరాబాద్ ఢిల్లీని చూపిస్తది, ఢిల్లీ మా వాటా మేం ఇచ్చినమంటది. ఈ చూపుడువేళ్ల ఆట నడుమ ఆకలి మాత్రం మూడేండ్ల పిల్లలది.

చట్టం ఏమన్నదో చూద్దాం. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఆరు నెలల పసికందు నుంచి ఆరేండ్ల పిల్లల దాకా, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ తిండిని హక్కు చేసింది. అదే చట్టం 25వ సెక్షన్‌ల తమ పరిధిలో అమలు బాధ్యత స్థానిక సంస్థలదేనని రాసిండ్రు. అంతకు ఇరవై ఏండ్ల ముందు, 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పజెప్పదగిన 29 అంశాలను లెక్కబెట్టింది. అందులో 25వది మహిళా శిశు అభివృద్ధి, 28వది ప్రజాపంపిణీ. రాత సక్కగనే ఉన్నది. మరి పైసలేవి?

పంచాయతీకి సొంతంగా వచ్చేది ఇంటి పన్ను, నల్లా పన్ను. వీధిలైట్ల కరెంటు బిల్లు, సఫాయి కార్మికుల జీతం, ట్రాక్టర్ డీజిల్ అనే సరికే అది ఒడుస్తది. ఇక 15వ ఆర్థిక సంఘం గ్రాంటు. 2021-22 నుంచి అందులో నూటికి 60 రూపాయలు తాగునీటికి, పారిశుద్ధ్యానికే అని కట్టేసి ఇచ్చిండ్రు. మిగిలిన 40లో జీతాలకు ఖర్చు పెట్టొద్దన్నరు. పిల్లలను చూసుకునే ఆయమ్మకు ఓ వంద రూపాయలు ఎక్కువ ఇద్దామన్నా సర్పంచికి దారి లేదు. పైగా మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఊర్లల్ల పాలకవర్గాలే లేకపాయె. ఎన్నికైన పాలకవర్గం లేనిదే ఆ గ్రాంటు రాదు. ఎన్నికలు పెట్టనిది హైదరాబాద్, శిక్ష ఊరికి!

అంగన్‌వాడీ పైసలది వేరే తొవ్వ. పోషకాహారం ఖర్చుల కేంద్రం సగం, రాష్ట్రం సగం. 2017లో ఒక్కో పిల్లకు రోజుకు కేంద్రం కట్టిన లెక్క 8 రూపాయలు. తల్లికి 9 రూపాయల 50 పైసలు. ఆ తర్వాత ఏండ్లకేండ్లు అదే లెక్కతో నడిపిండ్రు. గుడ్డు ఒక్కటే ఆరు రూపాయలైతే పప్పెక్కడిది, నూనెక్కడిది, గ్యాసెక్కడిది?

మన సర్కారు 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి తెచ్చింది. తల్లులకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మంచి పథకమే, కాదనం. కానీ బిల్లు ఆలస్యమైతే భారం ఎవరి మీద? కిరాయి కోసం ఇంటామె తలుపు తడితే జవాబు చెప్పేది టీచర్. గ్యాస్ అయిపోతే కొంగుముడి విప్పేది టీచర్. ఆమె సర్కారుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నది! ఆమె గౌరవ వేతనానికి 2018 అక్టోబర్‌లో కేంద్రం పెట్టిన లెక్క నెలకు 4,500, ఆయమ్మకు 2,250. దాని పేరు గౌరవమట. ఉద్యోగ మిత్రులారా, ఒక డీఏ ఆగితే మనం కలెక్టరేట్ ముందు కూసుంటం, కూసోవాల్సిందే. డీఏ అన్న మాటే తెలువని ఈ అక్కల పక్కన ఎన్నిసార్లు కూసున్నం?

నీళ్లు, నిధులు, నియామకాలన్నం. సమైక్య రాష్ట్రంలో మన నిధులు ఎటు పోయినయో పైసా పైసా లెక్క గట్టి అడిగినం. 2014లో రాష్ట్రం వచ్చింది. నిధులు హైదరాబాద్ దాకా వచ్చి కూసున్నయి. నాడు అడిగిన నోరు నేడు ఊరి లెక్క అడిగితే తప్పెట్లయితది?

మేం అడిగేది ఒక్కటే. అంగన్‌వాడీ కిరాయి, గ్యాస్, కూరగాయల పైసలు మూడు నెలలకోసారి ముందుగానే ఊరి ఖాతాలో పడాలె, టీచర్, సర్పంచి ఇద్దరి సంతకంతో ఖర్చు కావాలె. అప్పుడు బాధ్యత అడగండి, ఊరు జవాబు చెప్తది.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు అంగన్‌వాడీకి పోండి. ఎన్ని రోజులు పొయ్యి వెలగలేదో రాసుకోండి. తిండి పెట్టని రోజులకు ఆహార భద్రత భత్యం రాష్ట్ర ప్రభుత్వమే చెల్లించాలని 8వ సెక్షన్ చెప్తున్నది. ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని వాడ, తండా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇయ్యాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న చెప్పింది. రెండూ గ్రామసభలో తీర్మానం చేయించండి. కలెక్టర్‌కు, సీడీపీవోకు ఇవ్వండి. రసీదు తీసుకోవుడు మర్చిపోకండి.