వాగ్దానము పేరిట విషము

వీథికుక్కలకు విషపుసూదులు వేయించిరను అభియోగముపై 2026 జనవరిలో కామారెడ్డి జిల్లా మాచారెడ్డి మండలపు సర్పంచులమీద కేసులు నమోదైన పిదప, వారి పక్షమున వినవచ్చుచున్న సమర్థనలలో మిక్కిలి కపటమైనది, కుక్కల బెడద తీర్తుమని ఎన్నికలలో ప్రజలకిచ్చిన మాటనే వారు నిలుపుకొనిరనునది. కుక్కకాటు భయము నిజమైనదే. 2023లో హైదరాబాదు అంబరుపేటలో కుక్కల వాతబడిన నాలుగేండ్ల పసివాని కుటుంబము మన ఇందల్వాయిదే.

అయినను, ఓటరు కోరినదేమి? బిడ్డలు నిర్భయముగా బడికి పోవలయుననియే గాని, ఊరిచివర కళేబరముల గుంతలు త్రవ్వుమని కాదు. 2015 డిసెంబరులో మూతపడిన బోధను చక్కెర ఫ్యాక్టరీని తెరిపింతుమను మాటను ఎన్నిక వెంబడి ఎన్నికగా వినుచు వచ్చిన ప్రాంతము మనది; ఇచ్చిన మాట విలువ మనకు తెలియును గనుకనే, దానిని ఇట్టి క్రౌర్యమునకు ముసుగు చేయుటను సహింపజాలము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరమని నిర్ణయించిన దానిని వాగ్దానము చేయు అధికారమే ఏ అభ్యర్థికిని లేదు.

పోనీ, ఆ వాగ్దానమైనను నెరవేరునా? కోడిమాంసపు దుకాణముల వ్యర్థము, ఎంగిలికూడు యథాతథముగా పడియుండగా, చచ్చిన కుక్కల తావునకు పొరుగూరి కుక్కలు చేరును. ఏడాదికి రెండు ఈతలు ఈనగల ఆడకుక్క ఒక్కటి మిగిలినను ఆ ఖాళీ నిండును. చెన్నపట్టణపు కార్పొరేషను దశాబ్దముల తరబడి చంపి చంపి, సంఖ్య తగ్గక, 1996లో గర్భనిరోధ శస్త్రచికిత్సకు మరలినది. విషపుసూదికి టీకా పొందిన కుక్కయు పొందనిదియు నొక్కటే. నూటికి 70 కుక్కలకు టీకాలు పడినచో రేబిస్ వ్యాప్తి ఆగునని వైద్యశాస్త్రము చెప్పుచుండ, అట్టి రక్షణను పోగొట్టి ఊరిని కాపాడితిమనుట ప్రజలను వంచించుటయే.

ఆ వీథికుక్కలలో ననేకము మన గడపలనుండి వెడలినవే యను సత్యమును ఏ సర్పంచియు వేదికపై పలుకడు, ఏలయన గడపగడపకును ఓట్లున్నవి. పెంపుడుకుక్క ఈనగానే మగకూనలను పంచుకొని, ఆడకూనలను సంచిలో గట్టి రైసుమిల్లు వెనుకనో నిజాంసాగరు కాలువగట్టుననో విడిచివచ్చుట మన పల్లెలలోను పట్టణములలోను ఎరుగనివారు లేరు. పిల్లికూనలకును అదే గతి. పెంపుడుజంతువునకు టీకా, గర్భనిరోధ శస్త్రచికిత్స చేయించు బాధ్యత యజమానిదేయని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమావళి స్పష్టముగా చెప్పుచున్నది. ఆ నియమమును మన పంచాయతీలలో ఎవరైనను చదివి వినిపించిరా?

మాట నిలుపుకొనదలచిన సర్పంచి తన ఇంటి కుక్కకు ముందుగా ఆపరేషను చేయించి, పశువైద్యశాఖను ఊరికి రప్పించి, పెంపుడు కుక్కలను పిల్లులను ఇంటింటను లెక్కవ్రాయించి శిబిరమునకు పంపవలయును. నిజామాబాదు కార్పొరేషను, బోధను మునిసిపాలిటీ ఇందుకు వలయు నిధిని ఈ బడ్జెటులోనే కేటాయింపవలయును. మాచారెడ్డి కేసులలో ఎట్టి రాజీకిని పోలీసులు తావీయరాదు.